గోడకు ముందు ముగ్గు

ఉప్పల్, నాచారము ప్రాంతములలో ఎచ్చటనైనను కొత్త ఇల్లు కట్టుట మొదలుపెట్టిన దినమున కొంతసేపు నిలిచి చూడుడు. ఇటుకలు, ఇసుక, ఇనుప కడ్డీలు ఒక మూల పోగుపడి యుండును. కాని మేస్త్రీ వానిని ముట్టడు. మొట్టమొదట అతడు స్థలము నాలుగు మూలల మేకులు దిగగొట్టును. వాని నడుమ దారము బిగించి కట్టును. మూలమట్టముతో మూలలు సరిచూచుకొనును. పిమ్మట ఆ దారము వెంబడి తెల్లని సున్నపు పొడిని సన్నగా రాల్చుకొనుచు నడచును. దీనినే మనవారు ‘ముగ్గు పోయుట’ యందురు. కొంతసేపటికి ఇంటి స్వరూపమంతయు నేలపై గీతలుగా కనబడును. ఇది ముందు గది, ఇది వంటగది, ఇచ్చట మెట్లు అని వేలితో చూపవచ్చును.

ఆ వేళకు ఇంటి యజమానుని తల్లి వచ్చి ఆ గీతల నడుమ నిలుచుననుకొనుడు. వంటగది కావలసిన చోట ఆమె రెండు చేతులు చాచి చూచును. “ఇంత ఇరుకా బిడ్డా! పొయ్యి ఇక్కడ పెడితే నీళ్ల బిందె యాడ పెట్టాలె?” అని అడుగును. మేస్త్రీ కాలితో ఒక గీతను చెరిపి, అడుగున్నర అవతల మరియొక గీతను పోయును. గోడ జరిగినది! అందులకైన ఖర్చు పిడికెడు సున్నము. అదే గోడ లేచి, పైకప్పు పడి, నున్నగా గిలాబు చేసిన పిమ్మట ఆమె అదే మాట యన్నచో ఏమగును? ఆ మాట నిజమేయని అందరును ఒప్పుకొందురు. ఐనను గోడ జరుగదు. ఆ ఇంటి ఇల్లాండ్రు తరతరములు ఆ ఇరుకులోనే వంట చేయుదురు.

మన చేతి ఫోనులలోని యాప్‌లు, కంప్యూటరులో మనము చూచు వెబ్‌సైటులు కూడ కట్టడములే. వానికిని గదులు, తలుపులు, మెట్లు, వసారాలు కలవు. వానిని కట్టుటకు ముందు పోయు ముగ్గునకు ‘వైర్‌ఫ్రేము’ అని పేరు. తెలుగున దానిని ‘తీగచట్రము’ అనవచ్చును. రంగులు, బొమ్మలు, అందమైన అక్షరములు ఏవియు లేకుండ, ఏ వస్తువు తెరమీద ఎచ్చట ఎంత చోటులో ఉండవలెనో గీతలతోను గడులతోను మాత్రమే చూపు చిత్రము తీగచట్రము. ఇందు కొన్ని వాడుక గుర్తులు కలవు. బొమ్మ రావలసిన చోట ఒక గడి గీసి, దాని మూలనుండి మూలకు రెండు అడ్డగీతలు కొట్టుదురు. వ్రాత రావలసిన చోట అలలవంటి వంకర గీతలు గీయుదురు. బటను కావలసిన చోట చిన్న దీర్ఘచతురస్రము గీసి, అందులో దాని పేరు వ్రాయుదురు. ఇవి నేర్చుటకు పావుగంట చాలును. చిత్రకళ రానివారును దీనిని గీయగలరు. అదియే దాని గొప్ప.

పేరులో తీగ యేల వచ్చినదని మీకు సందేహము కలుగవచ్చును. ఈ మాట కంప్యూటరు చిత్రకళనుండి వచ్చినది. 1963లో అమెరికా దేశమునందు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అను యువ పరిశోధకుడు ‘స్కెచ్‌ప్యాడ్’ అను ప్రోగ్రామును రచించి, కాంతి కలముతో కంప్యూటరు తెరమీద నేరుగా గీతలు గీసి చూపెను. ఆ దశాబ్దమునందే బోయింగ్ విమాన సంస్థలో విలియం ఫెటర్ అను చిత్రకారుడు విమానము నడుపు మనుష్యుని ఆకృతిని ఉత్త గీతలతో కంప్యూటరుచే గీయించెను. ఆ మనిషికి చర్మము లేదు, దుస్తులు లేవు, ముఖకళ లేదు. తీగలు వంచి చేసిన బొమ్మవలె ఉండును. ఐనను కావలసినది అంతియే. కూర్చుండిన చోటునుండి చేయి చాచినచో విమాన చాలకునికి మీటలు అందునా, అందవా యని ఆ బొమ్మను జూచి తెలిసికొనవచ్చును. అనగా మొదటినుండియు తీగబొమ్మ అందమునకై పుట్టినది కాదు. మనిషి చేయి అందుట కొరకు పుట్టినది. ఈ సంగతి గుర్తుంచుకొనుడు.

వెబ్‌సైటులు పుట్టిన తొలి దినములలో ఇట్టి చట్రములతో అంత పని లేకుండెను. 1991లో లోకమునకు వెల్లడియైన మొదటి వెబ్‌సైటులో వ్రాతయు, ఒక పుటనుండి మరొక పుటకు పోవు లంకెలును మాత్రమే యుండెను. ఒక గదియే గల గుడిసెకు ముగ్గు పోయవలసిన పని యేమి? రానురాను బ్యాంకులు, రైలు టికెట్లు, పరీక్షాఫలితములు, ఆసుపత్రులు, ప్రభుత్వ కార్యాలయములు అన్నియు అందులోనికి వచ్చి చేరినవి. గుడిసె పెద్ద భవంతియైనది. నేడు నాగోలు స్టేషనునుండి రాయదుర్గము పోవు మెట్రో రైలులో ఉదయము పూట ఎక్కిన యువతీయువకులలో ఇట్టి భవంతులకు చట్రములు గీయుట వృత్తిగా గలవారును ఉందురు. 1998లో ప్రారంభమైన హైటెక్ సిటీ నగరమునకు పడమటి దిక్కున నున్నది. ఉప్పలువారికి అది నగరము ఆవలి కొస. కొన్ని సాఫ్ట్‌వేరు కార్యాలయములు ఉప్పలులోనే వెలసినందున కొందరికి ఆ దూరము తప్పినది.

కాని తీగచట్రములోని మూలసూత్రమును నేర్వవలెనన్నచో పడమటికి పోనక్కరలేదు. ఆ సూత్రమును మరియొక రూపమున బోధించు విద్యాసంస్థ ఉప్పలులోనే కలదు. అది భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణాలయము. 1767లో ఏర్పడిన ఈ శాఖ మన దేశపు పటములను తయారుచేయును. భూమిని కొలుచువారికి మొదట చెప్పు పాఠము ‘సమగ్రమునుండి భాగమునకు’ అనునది. దీని యర్థము కొంచెము వివరించి చెప్పవలెను.

ఒక పెద్ద దేశమునకు పటము గీయవలసి యున్నది. ఒక పొలమును కొలిచి, దాని ప్రక్కన మరొక పొలమును కొలిచి, ఇట్లు ఒకదానిని ఒకటి అంటించుకొనుచు పోయితిమనుకొనుడు. ప్రతి కొలతలోను వెంట్రుకవాసి తప్పు వచ్చును. ఆ తప్పులు ఒకదానిపై ఒకటి చేరి, వంద పొలములు గడచునప్పటికి నది కొండమీదికెక్కును! అందువలన సర్వేయరులు తారుమారుగా పనిచేయుదురు. మొదట దేశమంతటిమీద పెద్ద పెద్ద త్రిభుజముల వల పరచుదురు. అందుకు కొండశిఖరములు, గుడి గోపురములు మూలలగును. ఆ పెద్ద త్రిభుజములలో చిన్న త్రిభుజములు, వానిలో ఊళ్లు, ఊళ్లలో పొలములు చేర్చుదురు. అప్పుడు ఒక పొలములోని తప్పు ఆ త్రిభుజములోనే ఆగిపోవును, పొరుగున కెక్కదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగికొండ వద్ద సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచి ఈ పనిని ఆరంభించెను. 1823లో అతడు మరణించిన పిమ్మట జార్జి ఎవరెస్టు దానిని హిమాలయ పాదములవరకు కొనిపోయెను. ఆ త్రిభుజముల వలలో ఒక్క చెట్టు లేదు, ఒక్క ఇల్లు లేదు. అది దేశమునకు తీగచట్రము.

యాప్ రచనయందును ఇట్టి ప్రమాదమే కలదు. మొదటి తెరను ముస్తాబు చేసి, ముగించి, ఆ పిమ్మట రెండవదానిని తలపెట్టువారు కలరు. ఏడవ తెరకు వచ్చునప్పటికి ‘వెనుకకు’ అను బటను ఒక తెరలో పైన, మరొక తెరలో క్రింద నుండును. అడిగిన ఫోను నంబరునే మరల అడుగుదురు. ఇంటికి పోవు దారి కనబడదు. ఒక్కొక్క తెరను విడిగా జూచిన బాగుగానే యుండును. అన్నిటిని కలిపిన నది కొండమీదికెక్కును.

ఇప్పుడొక ఉదాహరణము ఊహించుకొందము. నాచారము పారిశ్రామిక వాడలో పనిచేయు ఒక తల్లికి మూడేండ్ల బిడ్డ కలదు. రాత్రి పదిగంటలకు బిడ్డకు జ్వరము వచ్చినది. తెల్లవారి ఆసుపత్రికి పోవలెను. పనికి ఆలస్యమైన కూలి తెగును. ఆసుపత్రివారు ఇంటినుండియే టోకెను తీసికొనుటకు ఒక యాప్ పెట్టినారు. ఆమె ఒక చంకన బిడ్డను ఎత్తుకొని, రెండవ చేతిలో ఫోను పట్టుకొని, బొటనవ్రేలితో దానిని తెరచినది. ఆమెకు తెలుగు చదువుట వచ్చును, ఆంగ్లము రాదు. ఫోనులో నెట్టు సరిగా అందుటలేదు. ఇట్టి యాప్‌ను రచించు పని మీకు అప్పగించిరనుకొనుడు. ఏమి చేయుదురు?

తొందరపాటు గల రూపకర్త వెంటనే రంగులకు పోవును. అతని మొదటి తెరలో పైభాగమున ఆసుపత్రి భవనము బొమ్మ. దాని క్రింద అధికారి సందేశము. దాని క్రింద కదలిపోవు ప్రకటనలు. మరి క్రింద ‘మా విశేషములు’. టోకెను తీసికొను బటను అన్నిటికంటె అడుగున నుండును. రంగులు చక్కగా అమరినచో చూచిన పెద్దలందరు “బాగున్నది, బాగున్నది” అని తలలూపుదురు. ఇప్పుడు అదే తెరకు తీగచట్రము గీయుడు. భవనము బొమ్మ స్థానమున అడ్డగీతలు కొట్టిన ఒక పెద్ద గడి వచ్చును. అధికారి సందేశము నాలుగు వంకర గీతలగును. తెరలో మూడువంతుల చోటును ఆ తల్లికి అక్కరలేని వస్తువులు ఆక్రమించినవని అప్పుడు ఎవరికైనను కనబడును. రంగులు చోటును కప్పిపుచ్చును. గీతలు చోటును లెక్కచెప్పును. తీగచట్రము పనికివచ్చుటకు నా దృష్టిలో ఇదియే మొదటి కారణము. పొదుపు, వేగము మొదలగునవి ఆ తరువాత వచ్చునవి.

మంచి రూపకర్త కలము పట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనును. వచ్చినవారు ఎవరు? ఏ స్థితిలో వచ్చిరి? ఏ పని ముగించుకొని పోవలెను? మన ఉదాహరణములో జవాబులు పైననే యున్నవి. కావున మొదటి తెర నడుమ ‘రేపటికి టోకెను’ అను ఒక పెద్ద బటను. రెండవ తెరలో విభాగముల పట్టిక. అందు పిల్లల విభాగము మొదట నుండుట మేలు. మూడవ తెరలో వేళలు. నాలుగవదానిలో ఫోను నంబరు. ఐదవదానిలో టోకెను సంఖ్య, వేళ, గది సంఖ్య. ఐదు గడులు, నడుమ నాలుగు బాణపు గుర్తులు. ఒక కాగితము చాలును. అధికారి సందేశమును పూర్తిగా తీసివేయవలెనా? అక్కరలేదు. దానికిని ఒక చోటు కలదు. అది బిడ్డ జ్వరము కంటె ముందు గాదు.

బటనుల పరిమాణము కూడ ఈ దశలోనే తెలియును. ఒంటిచేతితో ఫోను పట్టినవారి బొటనవ్రేలు తెర క్రిందిభాగమున సుళువుగా ఆడును. పై మూలకు అందుట కష్టము. గూగుల్ వారి ఆండ్రాయిడ్ మార్గదర్శకములు నొక్కవలసిన వస్తువు సుమారు 9 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండవలెనని చెప్పుచున్నవి. కొలబద్ద తీసి ఆ కొలతను మీ బొటనవ్రేలి కొనతో సరిచూచుకొనుడు. ఆ సంఖ్య ఎచ్చటినుండి వచ్చినదో తెలియును.

ఇక తెలుగువారికి ప్రత్యేకముగా సంబంధించిన సంగతి యొకటి కలదు. పుస్తకములు దీనిని తరచు విడిచివేయును గనుక కొంత విస్తరించి వ్రాయుచున్నాను. తీగచట్రములలో వ్రాత స్థానమున ‘లోరెం ఇప్సం’ అని మొదలగు అర్థములేని లాటిన్ వాక్యములను నింపు అలవాటు లోకమంతట కలదు. అవి క్రీస్తుపూర్వము 45లో రోమను పండితుడు సిసెరో వ్రాసిన గ్రంథమునుండి ఊడదీసి, తారుమారు చేసిన ముక్కలు. అచ్చుపనివారు వానిని నమూనాలకు వాడుకొనిరి. వారినుండి వెబ్‌సైటులవారికి సంక్రమించినవి. లాటిన్ మాటలకును, ఆంగ్లపు మాటలకును సరిపోవునట్లు గీసిన గడిలో పిమ్మట తెలుగు పోసినచో ఏమి జరుగును?

ఆంగ్లమున ‘నెక్స్ట్’ అను మాట నాలుగక్షరములు. దానికి గీసిన బటనులో ‘తరువాత’ ఇరుకుగా పట్టును. ‘సబ్మిట్’ ఆరు సన్నని అక్షరములు. ‘సమర్పించండి’ అని వ్రాసినచో బటను పగిలి రెండవ వరుసకు దిగును, లేదా ‘సమర్పిం…’ అని మూడు చుక్కలతో తెగిపోవును. వెడల్పు మాత్రమే కాదు, ఎత్తునందును చిక్కు కలదు. మన లిపిలో గుడి, కొమ్ము, తలకట్టు పైకిని ప్రక్కకును పోవును. ఒత్తులు క్రిందికి దిగును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమును చూడుడు. స-కారము మీద దీర్ఘపు గుడి, దాని క్రింద త-ఒత్తు, ర-ఒత్తు కూడ కలవు. ఆంగ్లమునకు కొలిచిన వరుసల మధ్య దానిని ఇరికించినచో క్రింది వరుసలోని గుడి పై వరుసలోని ఒత్తును తాకి రెండును చెడును. ‘స్త్రీల వ్యాధుల విభాగము’ అను పేరును ఆసుపత్రి యాప్‌లో చదువలేని స్థితి వచ్చుట కేవలము అందమునకు సంబంధించిన లోపమా?

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు లిపికి చోటు లభించినది. కావున తెలుగును కంప్యూటరు వ్రాయలేదను మాటకు కాలము చెల్లినది. చోటు ఇవ్వనిది కంప్యూటరు కాదు, ముగ్గు పోసినవారు. తీగచట్రము గీయునప్పుడే వంకర గీతలు మాని, నిజమైన తెలుగు మాటలు వ్రాసి చూచిన యెడల ఈ చిక్కు మొదటి గంటలోనే బయటపడును. గడి పెద్దది చేయుదురు, లేదా ‘సమర్పించండి’కి మారుగా ‘పంపండి’ అని పొట్టిమాట వెదకుదురు. చాలసార్లు పొట్టిమాటయే మంచిమాట కూడ అగును. ‘పంపండి’ అనునది ఆ తల్లి నిత్యము పలుకు మాట గదా!

తెరలు గీయుట యొక ఎత్తు. తెరకును తెరకును నడుమ దారి గీయుట మరియొక ఎత్తు. దీనిని తెలిసికొనుటకు ఉప్పల్ కూడలికి రావలెను. 2017 నవంబరు 29న నాగోలు-అమీర్‌పేట మార్గమున మెట్రో రైలు ప్రయాణికులకు అందుబాటులోనికి వచ్చినది. ఉప్పల్ స్టేషను చక్కని స్టేషను. కాని స్టేషను మెట్లు దిగినవాడు అచ్చటనే నివసించునా? ఒకడు వరంగల్ బస్సు ఎక్కవలెను, ఒకడు రామంతాపూర్ వైపు పోవలెను, మరొకడు నాగోలు దారి పట్టవలెను. నలుదిక్కుల వాహనములు వచ్చిపడు ఆ కూడలిని మనుష్యులు కాలినడకన, చేతులడ్డుపెట్టి, పరుగెత్తి దాటుచుండిరి. పిమ్మట కూడలిపై 660 మీటర్ల పొడవున పాదచారులకు ఆకాశ వంతెన కట్టిరి. మెట్లు, లిఫ్టులు, ఎస్కలేటర్లు గల ఆ వంతెన సుమారు 25 కోట్ల రూపాయల వ్యయముతో సిద్ధమై 2023 జూన్ 26న తెరువబడినది. నేడు స్టేషనునుండి రోడ్డు తాకకుండ అవతలికి పోవచ్చును. నిజమునకు ఎంతో ఉపకారమైన కట్టడము. అది వచ్చుటకు ఐదున్నర సంవత్సరములు పట్టినది. కాగితముమీద ఆ దారి ఒక బాణపు గుర్తు మాత్రమే. నగరనిర్మాణములో భూమి, ధనము, అనుమతులు మొదలైన చిక్కులు పెక్కు గలవు గనుక బాణపు గుర్తు గీసినంతమాత్రమున వంతెన లేచిరాదు. యాప్‌లో అట్టి చిక్కులు లేవు. అందుచేత యాప్‌లో దారి విడిచినవారికి సాకును లేదు.

మన టోకెను యాప్‌లో గీసిన నాలుగు బాణములును అన్నియు సవ్యముగా జరిగినప్పటి దారి. అట్లు జరుగనప్పుడో? నెట్టు తెగినచో ఏమి కనబడవలెను? రేపటి టోకెనులు అయిపోయినచో? ఫోనునకు రావలసిన ఓ.టి.పి. రాకపోయినచో? తప్పు విభాగమును నొక్కి, దిద్దుకొనదలచినచో? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క గడి గీయవలెను. ఐదు గడులు తొమ్మిదగును. ఈ అదనపు గడులు గీయుట ఎవరికిని సరదా కాదు. చూచువారు మెచ్చుకొనరు, ప్రదర్శనకు పెట్టరు. కాని రాత్రి పదిగంటలకు ‘పొరపాటు జరిగినది’ అను రెండు మాటలు చూపి ఊరకుండు తెరకును, ‘రేపటి టోకెనులు అయిపోయినవి, ఉదయము 8 గంటలకు మూడవ కిటికీ వద్ద మరికొన్ని ఇత్తురు’ అని చెప్పు తెరకును గల భేదము ఆ తల్లికి ఒక దినము కూలి. రూపకర్త పనితనమును నేను మొదట ఈ గడులలోనే వెదకుదును.

చట్రము గీసిన పిమ్మట దానిని పరీక్షింపవలెను. ఇందులకు కంప్యూటరు కూడ అక్కరలేదు. పాఠశాలలో మీరును చేయదగిన పని ఇది. ఒక్కొక్క తెరను ఫోనంత కాగితపు ముక్కమీద గీయుడు. ఒకరు బల్లకు ఈవల కూర్చుండి ‘కంప్యూటరు’ కావలెను. యాప్ ఎన్నడును చూడని ఒకరిని ఆవల కూర్చుండబెట్టవలెను. వారు కాగితముపై ఏ బటనును వ్రేలితో తాకిన, ‘కంప్యూటరు’ దానికి తగిన కాగితమును మారుమాట లేకుండ ముందుంచవలెను. ఒకటే కఠినమైన నియమము: సాయము చేయరాదు. ఇది చెప్పినంత సులభము గాదు.

ఆవల కూర్చున్నది ఒక అవ్వ యనుకొనుడు. “అవ్వా, మీ మనుమనికి జ్వరం వచ్చింది. రేపటికి టోకెను తీసుకోండి” అని చెప్పి మొదటి కాగితము ముందుంచితిరి. అవ్వ బటనును తాకదు. కాగితమును త్రిప్పి చూచి, “టోకెను అంటే సీటీయే గద బిడ్డా? ఇండ్ల సీటీ అని యాడుంది?” అనును. మీ నాలుకకొనవరకు ‘ఇదిగో ఇక్కడ’ అను మాట వచ్చును. మింగివేయుడు. అవ్వ తప్పు చేయలేదు. ఆమె వాడుకలో ఆసుపత్రి చీటికి ‘సీటీ’ యని పేరు. మీరు మరొక పేరు పెట్టితిరి. ఆ బటనుమీద ‘టోకెను (చీటి)’ అని వ్రాయుటకు మీకొక పెన్సిలు చాలును. యాప్ తయారై వేలమంది ఫోనులలో చేరిన పిమ్మట అవ్వ అదే ప్రశ్న అడిగినచో వినుటకు అచ్చట ఎవరుందురు? ఆమె యాప్‌ను మూసి, తెల్లవారుజామున పోయి వరుసలో నిలుచును. ‘ముసలివారికి ఇవి రావు’ అని అందరును అనుకొందురు. చదువుకొన్నవారిలో చాలమంది ఈ మాట సులభముగా అనుట నేను వినియున్నాను. ముగ్గు పోసినప్పుడు ఆమెను పిలిచి నిలబెట్టకపోవుటయే అందులకు మూలమని వారికి తోచదు.

ఎందరిని ఇట్లు కూర్చుండబెట్టవలెను? ఈ రంగమున ప్రసిద్ధుడైన జేకబ్ నీల్సన్ 2000లో వ్రాసిన వ్యాసములో ఒక విడతకు ఐదుగురు చాలునని వాదించెను. ఆరవవాడు వచ్చునప్పటికి చూచిన తప్పులే మరల మరల కనబడునని అతని భావము. పదునైదుమందిని ఒక్కసారి పిలుచుటకంటె, ఐదుగురిని పిలిచి, దిద్ది, మరల ఐదుగురిని పిలుచుట మేలని అతడు చెప్పెను. ఐదుగురే చాలునా యని తరువాతి పండితులు తర్కించిరి. కాని ఒక్కరినైనను పిలువని వానికి ఆ తర్కముతో నిమిత్తము లేదు. మన యాప్‌కైతే ఆ ఐదుగురు కార్యాలయములోని మిత్రులు కారాదు. ఒక అవ్వ, ఒక కార్మికుడు, చూపు తగ్గిన ఒక పెద్దమనిషి, తెలుగు కంటె ఉర్దూ బాగుగా చదువు ఒక గృహిణి, పదునాలుగేండ్ల బాలుడు ఒకడు: నాచారము, మల్లాపూర్ వీధులలో వీరు దొరకుట కష్టము గాదు.

చట్రములు గీయుటకు నేడు పనిముట్లు చాల కలవు. 2008లో వచ్చిన బాల్సమిక్ అను ప్రోగ్రాము కంప్యూటరుమీద గీసినను చేతితో గీసినట్లే వంకర గీతలు చూపును. ఇది పొరపాటు గాదు, బుద్ధిపూర్వకము. గీత నున్నగా నున్నచో చూచువారు పని ముగిసినదనుకొని, “నీలిరంగు ఇంకొంచెము ముదురుగా నుండవలె” నని చెప్పుదురు, గీత వంకరగా నున్నచో “ఈ బటను ఇచ్చట ఏల?” అని అడుగుటకు వెనుదీయరు. 2016లో అందరికి అందుబాటులోనికి వచ్చిన ఫిగ్మాలో పలువురు ఒకేసారి ఒకే చిత్రముపై పనిచేయవచ్చును. పనిముట్టు ఏదైనను పెన్సిలుతో మొదలుపెట్టుట ఉత్తమమని నా యభిప్రాయము. చెరుపుటకు మనసొప్పునది పెన్సిలు గీతయే.

తీగచట్రము చెప్పలేని విషయములును కలవు. యాప్ ఎంత వేగముగా తెరచుకొనునో అది చెప్పదు. ఎండలో నిలిచినప్పుడు అక్షరములు కనబడునో లేదో చెప్పదు. అది రంగుల పని. ఆసుపత్రిలో వైద్యులు చాలినంతమంది కలరా యను ప్రశ్నకు అది జవాబు గాదు. వైద్యుడు లేని గదికి ఎంత చక్కని టోకెను ఇచ్చినను ప్రయోజన మేమి? కొందరు చట్రమును ఒకసారి గీసి, దానికి సంతకములు చేయించి, ఇక అది మార్పరాని శాసనమని పట్టుకొని కూర్చుందురు. వారు సున్నపు గీతను గోడ యనుకొన్నవారు.

ఐదారు విడతలు దిద్దిన పిమ్మట చట్రము ఒక తీరునకు వచ్చును. అప్పుడు దానిని రంగులు వేయువారికిని, ప్రోగ్రాము వ్రాయువారికిని అప్పగింతురు. పాత కాగితములను మాత్రము పారవేయరాదు. ప్రతి కాగితముపై తేదీ వేసి, ఏ గీత ఏల మారినదో ప్రక్కన ఒక పంక్తి వ్రాసి, దొంతరగా ఉంచవలెను. ఏడాది గడచిన పిమ్మట కొత్తగా వచ్చిన ఉద్యోగి యొకడు బటనుమీద ‘చీటి’ అను మాటను చూచి, ఇది నాగరికముగా లేదని తీసివేయబోవును. ఆ దొంతర తిరుగవేసినచో మూడవ కాగితము అంచున పెన్సిలుతో వ్రాసిన మాట అతనికి దొరకును: ‘అవ్వకు టోకెను తెలియలేదు, చీటి తెలిసినది.’